సున్నం కింది మట్టి గీత

మా మేనత్త పోయిన సంగతి బోయిగూడ నుంచి ఫోనులో తెలిసింది. చేసింది ఆవిడ అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. "మీ అత్తమ్మ లేస్తలేదు బిడ్డా. పొద్దుగాల చాయ్ ఇద్దామని తలుపు కొట్టిన, కొట్టిన... జెర జల్దీ రా" అంది. లేవడం లేదంది తప్ప ఆ రెండో మాట ఆవిడ నోటికి రాలేదు. నేను వెళ్ళేసరికి అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంది, ఎవరి మీదో అలిగినట్టు. బయట పిట్టగోడ మీద ఆవిడ కాన్వాసు బూట్లు ఉతికి ఆరబెట్టి ఉన్నాయి. రిటైరై ఎన్నో ఏళ్ళయినా ఆ బూట్లు మాత్రం ప్రతి శనివారం ఉతుక్కునేది. ఎక్కడికి వెళదామనుకునేదో మరి.

సాయంత్రం సమాధి చేశాం. సికింద్రాబాదులో మావాళ్ళ సమాధుల తోటలో కొత్త గోతికి చోటు లేక చాలా కాలమైంది. కుటుంబానికో గొయ్యి. దాన్నే మళ్ళీ తెరుస్తారు. లోపల మిగిలిన పాతవాళ్ళ ఎముకలు ఏరి, తెల్లగుడ్డలో మూటగట్టి, కొత్తగా వచ్చినవాళ్ళ పాదాల దగ్గర పెట్టి పూడుస్తారు. మా నాయనమ్మ ఎముకల మూటని మా నాన్నే స్వయంగా అందుకున్నాడు. అత్తయ్యకి నాన్న తమ్ముడు. "నెమ్మదయ్యా, నెమ్మది. మా అమ్మ" అన్నాడు తవ్వేవాళ్ళతో. ఆ నెమ్మది విన్నాక నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఎందుకో చెబుతాను.

ప్రార్థన అయ్యాక మా హౌసింగ్ సొసైటీకి అప్పట్లో కార్యదర్శిగా ఉన్న పెద్దాయన లేచి నాలుగు మాటలు చెప్పారు. "మన సిస్టర్ సాత్వికురాలు. ఎవర్నీ నొప్పించి ఎరగరు" అన్నారు. ఆ తర్వాత, "మన కాలనీ పార్కులో ఉన్న పురాతనమైన రాళ్ళ వలయానికి సిస్టర్ పేరు పెట్టాలని నిర్ణయించాం" అన్నారు. జనం ఆమెన్ అన్నారు. నేను అనలేదు. వెళ్ళేటప్పుడు ఆయన నా దగ్గరికొచ్చి మా చర్చి సంఘం పత్రికకి ఒక పేజీ రాసివ్వమని అడిగారు. "నాలుగు మంచి మాటలు రాయమ్మా. పాతవన్నీ తవ్వకు" అని కూడా చెప్పారు.

తవ్వడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ గురించి తవ్వకుండా ఎలా రాయను? అందుకే ఇది సంఘం పత్రికకి కాదు. చదువుతున్న మీకు.

మొదటి మంచి మాట: మా అత్తయ్య సాత్వికురాలు కాదు. ముక్కు మీదే కోపం ఉండేది. అన్నం మాడితే కోపం, బస్సు ఆగకపోతే కోపం, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడుతున్న మనిషిని చూస్తే కోపం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "ఎవరూ నా అంత వేగంగా నడవలేదు" అని చెప్పేది. అది హాస్యానికి అన్నమాట కాదు. చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకి దోపి, కింద మిలిటరీ కాన్వాసు బూట్లు వేసుకుని ఆవిడ నడుస్తుంటే పక్కన మనం పరుగెత్తాలి. ఆ బూట్లు రెజిమెంటల్ బజారులో పాత మిలిటరీ సామాను అమ్మే కొట్లో కొనేది. కొట్టతను ఆవిడ కోసం చిన్న సైజు జత దాచిపెట్టేవాడు. "మేడం, మీ నంబర్ వచ్చింది, గింత చిన్న కాలు సిపాయి ఎవడో గాని" అని నవ్వేవాడు.

ప్రభుత్వంలో ఆవిడది పాతకాలపు ఆనవాళ్ళు వెతికే పని. మా ఇంట్లో దాన్ని తవ్వకాల ఆఫీసు అనేవాళ్ళం. నిజానికి ఆవిడ తవ్వింది తక్కువ, నడిచింది ఎక్కువ. ఎక్కడైనా కాలవ తీస్తున్నా, రోడ్డు వేస్తున్నా, ఇళ్ళ స్థలాలు చేస్తున్నా ముందు వెళ్ళి ఆ నేలంతా నడిచి, దాని కింద పాతకాలం మనుషులది ఏమైనా ఉండే అవకాశం ఉందా, ఉంటే ఎక్కడ, ఎంత లోతున అని చెప్పాలి. చెప్పేదాకా పార వెయ్యకూడదు. "ముందు చూడు, తర్వాత కట్టు" అనేది. ఇది ఆవిడ ఆఫీసు నియమం మాత్రమే కాదు. కూరగాయలు కొనడం దగ్గర్నుంచి సంబంధాలు చూడటం దాకా అన్నిటికీ అదే మాట.

రాంగోపాల్‌పేటలో ఎవరైనా పునాది తీస్తుంటే చాలు, అత్తయ్య గోతి అంచున ఆగిపోయేది. నల్ల గొడుగు మొనతో గోతి గోడ మీద చూపిస్తూ "ఇదిగో ఇక్కడ బూడిద పొర, దీని కింద గులకరాయి, అంటే ఇక్కడ ఒకప్పుడు నీళ్ళు పారాయే" అని నాకు చెబుతుంటే మేస్త్రీ బీడీ పారేసి "ఏమైందమ్మా, పర్మిషన్ ఉంది" అని పరేషానయ్యేవాడు. ఆవిడ టిఫిను డబ్బాలో పైగిన్నెలో పులిహోర, కిందిగిన్నెలో కుండపెంకులు ఉండేవి. నేను ఓసారి పొరపాటున కిందిది తెరిచాను. "అది రేపటికి" అంది.

ఆ పెంకులు లోపల నల్లగా, బయట ఎర్రగా ఉంటాయి. కుండని బూడిదలో బోర్లించి కాలిస్తే లోపలికి గాలి పోక నల్లబడుతుందని, బయటిభాగం మంటకి ఎర్రబడుతుందని ఆవిడే చెప్పింది. యేసు ప్రభువు పుట్టకముందే ఈ చుట్టుపక్కల బతికి పోయినవాళ్ళవట అవి. చనిపోయినవాళ్ళని రాతిపలకల పెట్టెలో పెట్టి, పక్కన కుండల్లో తిండి, ఇనప కత్తి పెట్టి, మట్టి కప్పి, చుట్టూ పెద్ద పెద్ద గుండ్రాళ్ళు వలయంగా పాతేవాళ్ళు. పల్లెల్లో వాటిని రాకాసి గుళ్ళంటారు. అత్తయ్య మాత్రం "రాకాసులూ లేరు, గుళ్ళూ కావు. సమాధుల తోట, మనదాన్లాంటిదే" అనేది.

ఎముక ముక్కనీ రాతి ముక్కనీ గుర్తుపట్టడానికి ఆవిడకో పద్ధతి ఉంది. నాలుక చివరికి ఆనించేది. పాత ఎముక నాలుకకి అంటుకుంటుంది, రాయి జారిపోతుంది. ఓసారి పాస్టరమ్మగారు చూసి వాంతి చేసుకున్నంత పని చేసింది. "అమ్మగారూ, మీరు మేక ఎముకలో మూలుగ జుర్రుకోరా?" అని అడిగింది అత్తయ్య. పాస్టరమ్మగారు ఆ తర్వాత మా ఇంట్లో చాలాకాలం టీ తాగలేదు.

ఇక సొసైటీ సంగతి. మా సంఘంలో టీచర్లు, నర్సులు, రైల్వే గుమస్తాలు కలిసి ఇళ్ళ కోసం ఓ సొసైటీ పెట్టుకున్నారు. అందరివీ అద్దె బతుకులే. బోయిగూడలో ఒక్కో గదిలో ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ, ఒక కుట్టుమిషను. నీళ్ళ కోసం ఓనరుతో రోజూ తగువు. వాళ్ళ అవసరం అబద్ధమని నేను అనడం లేదు. అత్తయ్యా అనలేదు. ఆవిడకీ అందులో ఒక ప్లాటు ఉంది, మా నాన్నకి పక్క ప్లాటు. అక్కాతమ్ముళ్ళు మధ్య గోడ లేకుండా కట్టుకుందామని, ఒకే బావి తవ్వుకుందామని అనుకున్నారు.

కొన్న స్థలం అల్వాల్ దాటాక, సీతాఫలం పొదలూ బండలూ ఉన్న మెరక నేల. తొలకరి పడి మన్ను ఒకసారి కడుక్కుపోయాక అందరం సరదాగా చూడ్డానికి వెళ్ళాం. నాకప్పుడే బడిలో ఉద్యోగం వచ్చింది. స్థలం మధ్యలో మెడ ఎత్తు గుండ్రాళ్ళు వలయంగా నిలబడి ఉన్నాయి. అత్తయ్య గొడుగు ముడిచింది. మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఏదో ఉందన్నమాట.

పక్కన మేకలు కాస్తున్న ముసలమ్మ "గవి రాకాసి గుళ్ళమ్మా, మా అవ్వ సుత కదల్చొద్దంటుండె. మేకలు గూడ ఆడ మెయ్యయి" అంది. అత్తయ్య ఆమెకి నమస్కారం పెట్టి, మా అందరినీ వరసగా నిలబెట్టింది. బారెడు దూరానికొకరు. తల వంచుకుని నడవాలి. పెంకు కనిపిస్తే ముట్టకూడదు, పక్కన ఒక పుల్ల గుచ్చాలి, అంతే. ఎందుకు ముట్టకూడదని అడిగితే, "ఎక్కడ దొరికిందో చెప్పలేని పెంకు దేనికీ పనికిరాదే పిల్లా, చారు కాచుకోవడానికి కూడా" అంది. మా నాన్నా, కార్యదర్శిగారూ, అందరూ పిక్నిక్కులా నవ్వుకుంటూ నడిచారు. అటు చివరికి చేరాక వెనక్కి తిరిగి చూశాం. పొదల దగ్గర పుల్లలు పల్చగా ఉన్నాయి. రాళ్ళ వలయం చుట్టూ, దాని నుంచి తూర్పుగా వాలు పొడుగునా, నారు పోసినంత ఒత్తుగా ఉన్నాయి. మేం కొన్నది ఒక ఊరి సమాధుల తోట అని ఎవరూ చెప్పకుండానే కనిపించింది.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి హాల్లో మీటింగు.

"ఇళ్ళొద్దని నేననను" అంది అత్తయ్య. "నాకూ ఇల్లు కావాలి. ఒక్క వానాకాలం, ఒక చలికాలం ఆగండి. ఉన్నదేదో చూసి, రాసుకుని, పద్ధతిగా పైకి తీసి, అప్పుడు కట్టుకుందాం. ఏమీ లేదని తేలితే మరీ మంచిది, నేనే వచ్చి ముగ్గు పోస్తాను."

"సిస్టర్, అవి అన్యుల గోరీలు కదా, మనకెందుకు?" అన్నాడొకాయన.

"సమాధుల పండక్కి నువ్వు మీ అమ్మ సమాధికి సున్నం కొట్టించి, పూలు పరిచి, కొవ్వొత్తి పెడతావా లేదా? వాళ్ళకీ ఎవరో కొడుకు కుండలో అన్నం పెట్టి మూతేసి వెళ్ళాడు. ఆ కొడుకుని తీర్పు దినాన కలిస్తే ఏం చెబుతావో ఇప్పుడే ఆలోచించుకో."

కార్యదర్శిగారు లేచి "సిస్టర్ చెప్పినట్టే చేద్దాం. ఆఫీసరు చూసి సరే అంటేనే పని మొదలెడదాం" అని అందరి ముందూ మాట ఇచ్చారు. అందరూ చేతులెత్తారు.

ఇక్కడ అత్తయ్య ఒక పని చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడ మీద కూడా కోపం వస్తుంది నాకు. ఆ నేల చూసి చెప్పే పని తన ఆఫీసులో తనకే వస్తుంది. ఆవిడ ఒప్పుకోలేదు. "నా సొంత ప్లాటున్న నేలకి నేనే సాక్ష్యం చెబితే ఎవరు నమ్ముతారు? ఇంకొకర్ని పంపండి" అని అడిగింది. పైవాళ్ళు సరేనని, ఆవిడని కరీంనగర్ వైపు ఏదో తవ్వకానికి పంపించారు. నిజాయితీ ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకుంటే ఆ ఖాళీలో ఎవరు నిలబడతారో మనకి తెలుసు.

ఆవిడ అటు వెళ్ళింది. ఇక్కడ సొసైటీవాళ్ళు స్థలంలో శంకుస్థాపన ప్రార్థన పెట్టుకున్నారు. పని మొదలెట్టం అన్నారు కదా, ప్రార్థన పని కాదట. షామియానా వెయ్యడానికి సాపు చోటు రాళ్ళ మధ్యలోనే ఉంది. రాళ్ళు అడ్డం. అప్పుడు మావాళ్ళు చేసిన పని ప్రపంచంలో ఇంకెవరూ చెయ్యరు. రాళ్ళని పగలగొట్టలేదు, పారెయ్యలేదు. "అక్కయ్యగారి రాళ్ళు, జాగ్రత్త" అంటూ యవ్వనస్తులంతా గడ్డపారలతో పెకలించి, ట్రాక్టరు మీద మోసుకెళ్ళి, పడమటి మూల పార్కుకి వదిలిన చోట మళ్ళీ వలయంగా నిలబెట్టారు. ముందున్నదానికన్నా గుండ్రంగా. మా నాన్న తాడు పట్టుకుని కొలత కూడా చూశాడు. అంతటితో ఊరుకున్నారా? సమాధుల రాళ్ళే కదా అని, పండక్కి మన సమాధులకి కొట్టినట్టు తెల్లగా సున్నం కొట్టారు. మొదళ్ళలో బంతి నారు వేశారు. ప్రార్థనలో అత్తయ్య క్షేమం కోసం కూడా ఒక మాట చేర్చారట.

ఇంతవరకూ జరిగింది తెలివితక్కువతనం. ప్రేమతో చేసిన తెలివితక్కువతనం. దీన్ని అత్తయ్య తిట్టి క్షమించేది. అసలుది ఆ తర్వాత జరిగింది.

ఆఫీసరు వచ్చాడు. ఉద్యోగంలో కొత్తగా చేరిన మనిషి. "ఎక్కడండీ రాళ్ళ వలయం?" అని అడిగాడు. కార్యదర్శిగారు గొడుగు పట్టి, పార్కు మూలకి తీసుకెళ్ళి, "ఇవే సార్ ఆ రాళ్ళు" అని చూపించారు. అబద్ధం కాదు. రాళ్ళు అవే. ఆ ఆఫీసరు వలయం మధ్యలో కొలత ప్రకారం గొయ్యి తీయించాడు. కింద ఏముంటుంది? ఎవరూ ఎప్పుడూ ముట్టని మొరం. ఇంకాస్త లోతుకి వెళ్ళాడు. బండ తగిలింది. కొబ్బరిబొండం తాగాడు. వలయం పేరుకే ఉంది, కింద అవశేషాలేమీ లేవు, ఇళ్ళు కట్టుకోవచ్చని రాసిచ్చి వెళ్ళిపోయాడు.

అక్కడ అప్పుడు ఎంతమంది ఉన్నారు! చర్చిలో ముందు బెంచీలవాళ్ళంతా ఉన్నారు. మా నాన్న ఉన్నాడు. ఆ రాళ్ళని మోసిన చేతులు కట్టుకుని నిలబడి, ఆ మనిషి తప్పుడుచోట తవ్వుతుంటే చూశారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "సార్, ఇక్కడ కాదు, అక్కడ" అని వేలు చూపించలేదు. "అడగలేదు, మేం చెప్పలేదు" అన్నారు తర్వాత. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఆఫీసరుని అత్తయ్య క్షమించింది, "తెల్లటి సున్నం చూసి నమ్మాడు, చిన్నవాడు" అంది. నేను క్షమించలేదు. చిన్నవాడైతే నేర్చుకోవాలి, తవ్వేముందు రాయి మొదలు ఒకసారి గోకి చూడాలి.

తవ్వకం ముగించుకుని అత్తయ్య తిరిగొచ్చిన రోజు నేనే ఆవిడ వెంట వెళ్ళాను. ఎవరూ ఏమీ చెప్పలేదు ఆవిడకి. ఆటో దిగి, అలవాటు ప్రకారం స్థలం మధ్యకి చూసింది. అక్కడ రాళ్ళు లేవు. రోడ్డు కోసం డోజరు కోసిన ఎర్రటి కోత ఉంది. మూల పార్కులో తెల్లటి వలయం, బంతిపూలు. కార్యదర్శిగారూ నాన్నా ఎదురొచ్చారు, సంతోషంగా.

"ఒక్క రాయి పోలేదు సిస్టర్, ఎంత శ్రద్ధగా పెట్టామో చూడండి."

అత్తయ్య ఒక రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పైట చెంగు నీళ్ళలో తడిపి రుద్దింది. సున్నం కరిగి, కింద రాయి రంగు బయటపడింది. కొంచెం పైకి రుద్దాక ఒక గీత కనిపించింది. గీతకి ఒక వైపు రాయి ఎండకి నల్లబడి ఉంది, రెండో వైపు ఎర్రమట్టి ఇంకి ఇటుకరంగులో ఉంది. వేల ఏళ్ళు భూమిలో పాతుకున్న రాయికి మొలతాడులా ఉంటుందది. నల్లది పైన ఉండాలి, ఎర్రది కింద. ఇక్కడ ఎర్రది పైన ఉంది, నా ఛాతీ ఎత్తున.

"తలకిందులుగా నిలబెట్టారు" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. తర్వాత లేచి కార్యదర్శిగారి వైపు తిరిగింది. ఇక మామూలుగా లేదు.

"ఆఫీసరు ఎక్కడ తవ్వాడు?"

"ఇక్కడే సిస్టర్. ఏమీ లేదన్నాడు."

"ఎలా ఉంటుందయ్యా? మీ అమ్మ సమాధి మీద రాయి పెరికి తీసుకెళ్ళి నాలుగు వీధుల అవతల పాతి, ఇదిగో మీ అమ్మ ఇక్కడుందంటే మోకరిస్తావా? తవ్వి చూసి, మా అమ్మ అసలు చావనేలేదు అంటావా?"

"అతను అడగలేదు సిస్టర్..."

"నా తమ్ముడు ఉన్నాడా అప్పుడు?"

నాన్న తల వంచుకున్నాడు. "అక్కా, అద్దె గదిలో ఎన్నాళ్ళక్కా..." అన్నాడు. అత్తయ్య చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, చెయ్యి దించేసుకుని డోజరు కోత వైపు నడిచింది.

రోడ్డు పక్కన పోసిన మట్టి కుప్పలో నలుపూ ఎరుపూ పెంకులు పిండి పిండిగా ఉన్నాయి. రాతిపెట్టె పలక ఒకటి ముక్కలై లారీ చక్రం కింద తాపడమైపోయింది. అత్తయ్య కుప్పలోంచి తెల్లటి చిన్న ముక్క ఒకటి తీసి, మన్ను దులిపి, నాలుకకి ఆనించింది. వెంటనే రాలేదది. మెల్లగా లాగితే వచ్చింది. పాస్టరమ్మని ఆటపట్టించిన మనిషి అప్పుడు నవ్వలేదు. ఆ ముక్కని నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"జాగ్రత్తగా పట్టుకో. మనిషి" అంది.

ఆ తర్వాత ఆవిడ తిరగని చోటు లేదు, అరవని చోటు లేదు. కాగితం మీద ఏమీ లేదని ఉంది కనక ఏమీ లేదనే అన్నారు. మిగిలిన వాలు అయినా చూద్దాం అంటే అప్పటికే అక్కడ పునాదులు లేచాయి. తన ప్లాటు వదులుకుంటున్నానని సొసైటీకి చెప్పేసింది. వాళ్ళు బతిమాలారు. నాన్న వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. "ఎవరి మీద నడుస్తున్నానో తెలియకుండా నేను నడవలేనురా" అంది. తమ్ముడితో మాటలు మానలేదు. ప్రతి ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. మా ఇంటి గృహప్రతిష్ఠ ప్రార్థన రోజున కాలనీ ఆర్చి దాకా ఆటోలో వచ్చింది, దిగలేదు. నాన్నని అక్కడికే పిలిపించుకుని ఒక ప్రెషరు కుక్కరు చేతికిచ్చి, "బాగా బతకరా" అని చెప్పి, అదే ఆటోలో తిరిగి వెళ్ళిపోయింది. బోయిగూడలో ఒక గదిలోనే ఉంది, చివరిదాకా.

కాలనీవాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకి ఫంక్షను హాళ్ళకి మాత్రం వచ్చేది, బిర్యానీ కొసరి కొసరి వడ్డించుకుని తినేది. ఎవరి పిల్లకి చదువులో ఇబ్బందన్నా తనే కూర్చోబెట్టి చెప్పేది. మా బడిపిల్లల్ని నేను ఏటా తొలకరికి పొలాల వెంట వరసగా నడిపించడం ఆవిడ నేర్పిందే. పుల్ల గుచ్చమంటాను, ముట్టొద్దంటాను. రెండు కళ్ళతో నేలని చదవొచ్చని ఆవిడ చెప్పకపోతే నేనూ నా కాళ్ళ కింద ఏముందో చూడకుండా పెన్షను దాకా నడిచిపోయేదాన్నే. ఇంత ఇచ్చిన మనిషి. ఆవిడని వీళ్ళు సాత్వికురాలంటున్నారు. ఆవిడ కోపమే కదా వాళ్ళకి ఆవిడ ఇచ్చిన అన్నిటికన్నా విలువైనది. దాన్ని కూడా సున్నం కొట్టి మూసేద్దామనుకున్నారు.

పేరు పెట్టే కార్యక్రమానికి పిలుపు వచ్చింది. వెళ్ళాను. ఒక బకెట్టు, కొబ్బరిపీచు, ఇనపతీగల బ్రష్షు పట్టుకుని, ప్రార్థన టైముకి కాస్త ముందే వెళ్ళాను. పార్కులో కుర్చీలు వేస్తున్నారు. రాళ్ళు ముత్యాల్లా మెరుస్తున్నాయి. మధ్యలో గులాబీరంగు గుడ్డ కప్పిన పలక ఉంది. పార్కు కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని, ఆ రోజు అత్తయ్య మోకరించిన రాయి ఏదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏదో ఒకటి అనుకుని మొదలుపెట్టాను.

ఏటేటా క్రిస్మసుకి కొట్టిన సున్నం అది, పెచ్చు మీద పెచ్చు. బ్రష్షుకి ఊడి పడుతోంది గానీ అడుగు తగలడం లేదు. పాటల పుస్తకాలు పట్టుకుని జనం చుట్టూ చేరారు. కార్యదర్శిగారు చేతికర్ర ఆనించుకుంటూ వచ్చారు.

"ఏంటమ్మా ఇది? నిన్ననేగా కొత్తగా కొట్టించాం. పాస్టరుగారు వచ్చేస్తున్నారు."

"మీరు పేరు పెట్టండి. నేను రాయి కడుగుతాను."

"నీకు మీ అత్త కోపమే వచ్చిందమ్మా."

"మరి మీరేమో ఆవిడకి కోపమే లేదన్నారు కదండీ సమాధి దగ్గర" అన్నాను.

నాన్న ఇల్లు పార్కుకి ఎదురుగానే. గేటు చప్పుడైంది. ముసలాయన, లుంగీ మీదే, చెప్పులు లేకుండా రోడ్డు దాటి వచ్చాడు. నన్ను లేపేస్తాడనుకుని బ్రష్షు గట్టిగా పట్టుకున్నాను. ఆయన బకెట్టులోంచి మగ్గు తీశాడు.

"ఇది కాదు. అక్క ఆ రోజు రుద్దింది పక్కది" అన్నాడు.

పక్క రాయి దగ్గరికి జరిగాను. నాన్న మగ్గుతో పైనుంచి నీళ్ళు పోస్తుంటే నేను రుద్దాను. తెల్లటి నీళ్ళు బంతిమొక్కల్లోకి, అక్కణ్ణించి జనం చెప్పుల కిందికి పారాయి. చాలాసేపటికి రాయి తగిలింది. ఇంకాస్త రుద్దాక గీత వచ్చింది. పైన ఎరుపు, కింద నలుపు, అచ్చం ఆ రోజులాగే. ఎవరో చిన్నపిల్ల "నానమ్మా, ఆ గీతేంటి?" అని అడిగింది. వాళ్ళ నానమ్మ నా వైపు చూసింది. నేను మా నాన్న వైపు చూశాను.

నాన్న మగ్గు కింద పెట్టాడు. తడి చెయ్యి తీసుకెళ్ళి ఛాతీ ఎత్తున ఉన్న ఆ గీత మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పిల్లకి కనబడేలా, మోకాళ్ళు నొప్పి పెడుతున్నా మెల్లగా వంగి, అదే చెయ్యి నేల మీద పెట్టి చూపించాడు.

"ఇక్కడుండాలమ్మా అది" అన్నాడు. చెయ్యి నేల మీంచి తియ్యలేదు.